యాక్సిలరేటర్ ఫుల్లుగా తొక్కండి

"యాక్సిలరేటర్ ఫుల్లుగా తొక్కండి," అంది రవాణా ఆఫీసు ఉద్యోగి కామేశ్వరి, పొగ కొలిచే మిషను గొట్టాన్ని సైలెన్సర్‌లో పెడుతూ.

"ఏటి మేడమ్, నా బండి మీద కోపమేటి? పోయినేడు ఊరికే స్టార్ట్ సేసి ఉంచితే సాలన్నారు కదా!" చేపల వ్యాను కిటికీలోంచి గవర్రాజు నవ్వాడు.

ఆ నవ్వు కోసమే నాలుగు నెలలుగా ఆమె ద్వారకా నగర్ బస్టాపుకి పది నిమిషాలు ముందే వస్తోంది. అక్కడ అతని వ్యాను ఎందుకో రోజూ నెమ్మదిస్తుంది.

పొగ పరీక్ష పద్ధతి మార్పించింది తనే. ఇంజను ఊరికే తిరుగుతుంటే ఏ బండైనా పాసవుతుంది, కొండెక్కేటప్పుడే అసలు పొగ బయటపడుతుంది అని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ శ్రీరామ్మూర్తిగారిని ఒప్పించింది. ఈ సోమవారం నుంచే అమలు.

గవర్రాజు తొక్కాడు. వెనక నల్లటి మబ్బు లేచింది. మిషను ముల్లు ఎర్రగీత దాటేసింది.

"ఫెయిలండీ." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

అతని నవ్వు ఆగిపోయింది. "యారాడలో ఇరవై ఇళ్ల సేపలు ఈ బండి మీదే బజారుకెల్తాయి. తెలిసే రాసీసేరా?"

"తెలుసండి. ఇంకెలా రాయమంటారు?"

కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి వాన. బస్టాపులో వ్యాను లేదు. యారాడ ఆడవాళ్లు తడిసిన చేపల గంపలతో బస్సులెక్కుతుంటే కామేశ్వరి తల తిప్పుకుంది. పాస్ అని రాసేయాల్సిందా? అన్నం సయించలేదు.

"ఆ కుర్రాడు ఎలమంచిలి వెళ్లాడటమ్మా," అన్నారు శ్రీరామ్మూర్తిగారు.

బండి అమ్మేయడానికా?

ఆరో రోజు జోరువానలో వ్యాను వచ్చింది. గవర్రాజు పక్కన అతని తల్లి అప్పాయమ్మ. కామేశ్వరి గొట్టం పెట్టింది. మళ్లీ ఫెయిలైతే?

అతను అడక్కుండానే మూడుసార్లు ఫుల్లుగా తొక్కాడు. ముల్లు గీత కిందే ఆగింది.

"ఎలమంచిలిలో మా మావ షెడ్డులో డీజిల్ పంపు విప్పించీసి, డీజిల్ సిమ్మే నాజిల్స్ మార్సీసినాను," అన్నాడు దిగుతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ రోజు మీరు పాస్ రాసీసుంటే నవ్వుకుంటా ఎల్లిపోదును. అబద్దం రాసే మనిసి కోసం మల్లీ ఆ బస్టాపు కాడ బండి స్లో సెయ్యబుద్దయ్యేది కాదు."

కామేశ్వరి గొట్టం బయటికి లాగి చుట్టసాగింది.

అప్పాయమ్మ తలమీద కొంగు కప్పుకుని దగ్గరికొచ్చింది. "ఆరు రోజులయి మావోడు సరిగ్గా తిన్లేదమ్మా. బండి కోసం అనుకున్నాను. కాదంట. మీ ఇంట్లో ఎవరితో మాటాడాలి? మీ నాన్నతోనా, అమ్మతోనా?"

శ్రీరామ్మూర్తిగారు సంతకం పెట్టిన ఫిట్‌నెస్ కాగితాన్ని వాన పడకుండా అరచేతులతో కప్పి, కామేశ్వరి ఆమెకి అందించింది.

"ముందు అమ్మతోనండి," అంది. "నాన్నగారికి అమ్మే నచ్చజెబుతుంది."