పసుపు కుప్ప మీద గాలి పరీక్ష

"స్క్రూ బిగించినవా లేదా?"

"బిగించిన అనుకున్న..."

పద్మలత మళ్లీ అడగలేదు. పెద్ద ఫ్యాన్ గాలి తోసే విండ్ టన్నెల్‌లో, ఇనుప జాలీకి కొట్టుకుని ముక్కలైన తను చేసిన చెక్క విమానం రెక్క వైపు ఒకసారి చూసింది. తర్వాత గజేందర్ వైపు చూసింది. ఆ రెండో చూపే అతనికి గాలికన్నా జోరుగా తగిలింది.

ఆర్మూర్ బయట, హైవే పక్కన ఉన్న యూనివర్సిటీలో ఇద్దరూ ఏరోనాటికల్ మూడో సంవత్సరం. ఏరోడైనమిక్స్ ల్యాబ్‌లో చీటీలు తీసి జంటలు వేస్తే ఈ ఇద్దరికీ ఒకే బెంచీ పడింది.

"సారీ పద్మా. కొత్తది నేనే చేస్త."

"వద్దు సామీ. నువ్వు ఏం ముట్టుకోకుంటే అదే పదివేలు."

అంతలో పద్మలత ఫోన్ మోగింది. అంకాపూర్ నుంచి వాళ్లమ్మ గంగామణి. వింటున్న కొద్దీ పద్మలత ముఖం వాడిపోయింది.

"ఏమైంది?"

"గాలివాన. కల్లంల ఆరబోసిన పసుపు మీద కప్పిన టార్పాలిన్ ఎగిరిపోయిందట. సుట్టూ రాళ్లు పెట్టినా ఆగలే. సగం తడిసింది." ఆమె ఫోన్ బెంచీ మీద పెట్టింది. "మిగిలిన సగం గూడ పోతే, మా బాపు ఏడాది కష్టం నీళ్లపాలే."

గజేందర్‌కు ఓదార్చడం చేతకాలేదు. విరిగిన రెక్క ముక్కను చేతిలోకి తీసుకుని, "గా టార్పాలిన్ గూడ రెక్కనే గదా?" అన్నాడు.

"అంటే?"

"రెక్క ఎట్ల లేస్తదో గీ ల్యాబ్ల చూసినం. ఏం చేస్తే లేవదో గూడ చూద్దాం."

పద్మలత మొదటిసారి అతణ్ని కోపం లేకుండా చూసింది.

బంకమట్టితో చిన్న కుప్ప చేశారు. పైన పల్చని ప్లాస్టిక్ కవరు, అంచుల్లో గులకరాళ్లు. ఫ్యాన్ వేసి, గాలి దారి కనబడేలా పొగ వదిలారు. తెల్లటి పొగ కుప్పనెక్కి, కొసకు రాగానే పైకి దూకింది. కవరు అక్కడే పొంగింది. ఆ తర్వాతే అంచులు జారాయి.

"అంచుల కాడ గాదు, నెత్తి మీద గుంజుతుంది!" పద్మలత అతని భుజం పట్టుకుని ఊపేసింది. కోపం గుర్తొచ్చి చప్పున వదిలేసింది.

"పట్టుకో, ఏం గాదు."

"పొగ దిక్కు చూడు. నన్ను గాదు."

కుప్ప మీదుగా దారాలు వేసి, రెండు వైపులా బరువులు వేలాడదీశారు. ఈసారి ఫ్యాన్ ఎంత తిరిగినా కవరు కదల్లేదు. పద్మలత గంతేసింది. గజేందర్ పొగను మరిచిపోయాడు.

ఆదివారం ఆర్మూర్ పసుపు మార్కెట్ దగ్గర తాళ్లు, సంచులు కొని ఇద్దరూ అంకాపూర్ వెళ్లారు.

"పొగ చూసి చెప్తున్నరా మీరు?" అన్నాడు పద్మలత తండ్రి భూమన్న, కుప్పను చూసి దిగులుగా. అయినా సంచుల్లో ఇసుక తనే నింపాడు. టార్పాలిన్ మీదుగా తాళ్లు వేసి, రెండు వైపులా ఆ సంచులు వేలాడదీశారు.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. గాలి విసిరికొట్టింది. పక్క కల్లంలో టార్పాలిన్ లేచి చేలో పడింది. వీళ్లది ఉబ్బింది, వణికింది, కానీ లేవలేదు. ఒక్క తాడు ముడి మాత్రం జారసాగింది. ఇద్దరూ పరుగెత్తి దాని చెరో కొస పట్టుకున్నారు. వాన ముఖాల మీద కొడుతోంది.

"పద్మా! నీకో ముచ్చట చెప్పాలె!"

"ఏందీ? ఇనబడ్తలేదు!"

గజేందర్ గొంతు చించుకుని అరిచాడు. "నువ్వంటే నాకు మస్తు ఇష్టం!"

సరిగ్గా అప్పుడే గాలి ఆగింది. ఆ మాట కల్లమంతా వినబడింది. పనికొచ్చిన కూలీలు కిసుక్కున నవ్వారు. గంగామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్మలత తాడు వదల్లేదు, తలా దించలేదు. అంతే గట్టిగా చెప్పింది. "నాక్కూడ ఇష్టమే!"

భూమన్న వచ్చి జారిన ముడి బిగించాడు. వాన వెలిశాక టార్పాలిన్ లేపి, లోపలి నుంచి ఒక పసుపు కొమ్ము తీసి విరిచాడు. టక్కున విరిగింది. తడి అంటలేదు! మళ్లీ చెయ్యి పెట్టి ఇంకోటి విరిచాడు. అదీ పొడిగానే ఉంది. ముఖమంతా నవ్వయింది.

గజేందర్ బెదురుగా దగ్గరికొచ్చాడు. "కాకా, తప్పుగ అనుకోకుండ్రి..."

"కాకానా? నేను మీ బాపుకు తమ్ముణ్నా ఏంది?" భూమన్న విరిగిన కొమ్మును అతని చేతిలో పెట్టాడు. "మామా అను పిలగా. సదువు అయినంక మీ ఇంటోళ్లను తోల్కరా."