టాలో లేన్ గస్తీవాడు

ఫిలడెల్ఫియా పాత పట్నంలో టాలో లేన్ అని ఒక సందు ఉంది. దానికి మంచి పేరు లేదు.

రెండు వైపులా మూడొందల ఏళ్ళనాటి ఇటుక ఇళ్ళు, చెక్క కిటికీ రెక్కలు, కింద గుండ్రాళ్ళు పరిచిన నేల. పగలు టూరిస్టులు వచ్చి ఫోటోలు దిగుతారు. చీకటి పడ్డాక మాత్రం ఆ ఛాయలకి ఎవరూ పోరు.

ఇంకా ఇంగ్లీషు రాజుగారి ఏలుబడి నడిచే రోజుల్లో అక్కడ ఒక గస్తీవాడు ఉండేవాడట. రాత్రంతా లాంతరు పట్టుకుని తిరుగుతూ గంట గంటకీ టైము కేకేసేవాడు. ఒక చలికాలం డ్యూటీలో కునుకు తీశాడని పనిలోంచి తీసేశారు. ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయాడు. రోజూ పొద్దుగూకగానే ఎప్పటిలాగే లాంతరు వెలిగించుకుని బయల్దేరేవాడు. జీతం లేదు, కేక లేదు... ఊరికే నడక. ఒక తెల్లవారుజామున సందు చివరి ఇంటి మెట్ల మీద కొయ్యబారి కనిపించాడు.

ఇప్పటికీ నడుస్తాడంటారు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళ వెనక, కాస్త దూరంగా. మీరు ఆగితే ఆగుతాడు. ఏమీ చెయ్యడు పాపం. కానీ ఎప్పుడైనా మిమ్మల్ని దాటి ముందుకొచ్చి నిలబడ్డాడా — ఇంక మీరు ఇల్లు చేరరు.

ఈ కథ నమ్రత అనుకోకుండా వింది. పొడుగు గౌను వేసుకుని, బ్యాటరీ లాంతరు పట్టుకున్న ఒక గైడమ్మ టికెట్ కొన్న టూరిస్టులకి చెప్తుంటే, గోడవార నిలబడి చివరిదాకా వింది. వినకపోయినా బాగుండేది.

ఎందుకంటే నమ్రత ఉద్యోగం పోయి అప్పటికి ఇరవై రోజులు. ఇంట్లో చెప్పలేదు.

హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజులు గడువు. ఆ లోపల ఇంకో కంపెనీ పేపర్లు ఫైల్ చెయ్యాలి, లేదా పెట్టెలు సర్దుకోవాలి. ఆమె వీసా మీద ఆధారపడే భర్త శ్యామ్‌సుందర్ కూడా ఇక్కడున్నాడు. హైదరాబాద్‌లో బ్యాంక్ ఉద్యోగం వదులుకుని వచ్చి, పని చేసే పర్మిట్ లేక, నాలుగేళ్ళుగా ఇల్లు చూసుకుంటున్నాడు. "మా ఇంట్లో సంపాదన డిపార్ట్‌మెంట్ నమ్రతది, సాంబారు డిపార్ట్‌మెంట్ నాది" అని నలుగురిలో నవ్వుతూ చెప్తాడు. అలాంటివాడికి ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? రేపు చెప్దాం అనుకుంది. మర్నాడు కూడా రేపే అనుకుంది.

పొద్దున్నే బ్యాగు తగిలించుకుని న్యూజెర్సీలో రైలెక్కేది. నది దాటి వచ్చి లైబ్రరీలో కూర్చుని అప్లికేషన్లు పంపేది. ఐదింటికి లైబ్రరీ మూసేస్తారు. ఆమె ఎప్పుడూ ఎక్కే రైలు ఆరుంపావుకి. అంతకంటే ముందు ఇంటికి పోతే ఎందుకు తొందరగా వచ్చావంటాడు. అందుకని ఆ గంటంపావూ పాత పట్నమంతా కాలినడక. ఏ చర్చి ఏ ఏడాది కట్టారో, ఏ పెద్దమనిషి ఏ గుమ్మంలో బూట్ల బురద గీక్కున్నాడో, గోడల మీది పలకలన్నీ చదివేసింది. పరీక్ష పెడితే ఫస్టు వచ్చేది. పెద్ద వీధుల్లో పాత ఆఫీసువాళ్ళు ఎదురవుతారని సందులే పట్టుకుని తిరిగేది. అలా తిరిగి తిరిగి చివరికి ఎవరూ రాని టాలో లేన్‌కే చేరేది.

నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు. సోమవారం ఐదింటికి లైబ్రరీ బయటికొస్తే అప్పటికే చీకటి. ఆ సాయంత్రమే మొదటిసారి వినిపించింది.

టక్... టక్... టక్.

ఆగింది. వెనక చప్పుడూ ఆగింది.

రెండడుగులు వేసింది. రెండడుగులు.

తిరిగి చూసే ధైర్యం లేదు. పరుగెత్తడానికి ఆ గుండ్రాళ్ళ మీద కాలు నిలవదు. ఊపిరి బిగబట్టి, గోడ తడుముకుంటూ దీపాలున్న వీధిలోకి వచ్చి పడింది. అప్పుడు తిరిగి చూసింది. సందంతా ఖాళీ.

మర్నాడు వేరే దారి పట్టింది. అక్కడా అడుగులే. ఆ మర్నాడూ అంతే.

ఏ దారిలో పోయినా తప్పనప్పుడు కొత్త సందు వెతుక్కోవడం దేనికని మళ్ళీ టాలో లేన్‌కే వచ్చేసింది. వారం గడిచేసరికి భయం పలచబడింది. ధైర్యమొచ్చి కాదు. పొద్దున్నించి పాతిక కంపెనీలకి తన గురించి తాను గొప్పలు రాసుకుని, సాయంత్రానికి పాతిక సారీలు చదువుకున్న మనిషికి దెయ్యానికి భయపడే ఓపిక ఎక్కడుంటుంది?

ఒకరోజు సందు మధ్యలో నిలబడిపోయి, వెనక్కి తిరగకుండానే గొణిగింది —

"నిన్నూ తీసేశారటగా... నువ్వైనా ఇంట్లో చెప్పేయాల్సింది, బాబూ."

వెనక ఏ చప్పుడూ లేదు. ఆ రోజు మళ్ళీ అడుగులు వినపడటానికి చాలాసేపు పట్టింది.

నలభై ఒకటో రోజు. ఒక్క కంపెనీలో ఆశ మిగిలింది. నాలుగు రౌండ్లు బాగా జరిగాయి, మేనేజర్ నవ్వుతూ మాట్లాడాడు, జాయినింగ్ ఎప్పుడని కూడా అడిగాడు. ఐదున్నరకి టాలో లేన్‌లో ఉండగా రిక్రూటర్ నుంచి ఫోన్ వచ్చింది.

"సారీ, నమ్రతా. దే వెంట్ విత్ సమ్‌వన్ ఎల్స్."

థాంక్యూ అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. వెళ్ళి చివరి ఇంటి మెట్ల మీద కూర్చుంది. ఆ మెట్లు ఎవరివో గుర్తొచ్చినా లేవబుద్ధి కాలేదు. కాళ్ళు లాగుతున్నాయి. ఇంటికెళ్ళాలి, నవ్వాలి, ఆఫీసులో ఇవాళ ఏం జరిగిందో కల్పించి చెప్పాలి, తిన్నాక సాంబారు బాగుందనాలి. అవన్నీ తలుచుకుంటేనే ప్రాణం విసిగిపోయింది.

ఆరవుతుంటే లేచింది. స్టేషన్‌కి ఎడమవైపు తిరగాలి.

తిన్నగా నడిచింది.

తిన్నగా పోతే హైవే మీద కాలిబాట వంతెన, అది దిగితే నది. నీళ్ళు చూద్దామనుకుంది. అంతేనా, ఇంకేమైనా అనుకుందా అని అడిగితే ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

వెనక అడుగులు మొదలయ్యాయి.

టక్... టక్...

ఆమె ఆగలేదు. వంతెన ఎక్కింది. కింద కార్ల హోరు, ఎదురుగా నల్లటి నీళ్ళు, మొహాన కొట్టే గాలి.

అడుగుల వేగం పెరిగింది. ఇన్ని రోజుల్లో ఎప్పుడూ అలా లేదు.

టక్ టక్ టక్ టక్ —

పరుగు. దగ్గరికి... ఇంకా దగ్గరికి. చెవి పక్కనే ఊపిరి బుసకొట్టింది. నల్లటి ఆకారం ఒకటి ఆమె భుజాన్ని రాసుకుంటూ దూసుకుపోయింది — దాటేసింది — నాలుగు గజాలు ముందుకెళ్ళి, గిర్రున తిరిగి, రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడింది.

వంతెన కమ్మీ పట్టుకుంది. అయిపోయింది, ఇంక ఇల్లు చేరను అనుకుంది. ఆ క్షణంలో గానీ ఇల్లు ఎంత కావాలో ఆమెకి తెలియలేదు.

ఆకారం తల మీది టోపీ వెనక్కి తోసింది.

"నమ్రతా..."

శ్యామ్‌సుందర్. రొప్పుతున్నాడు.

"నువ్వా?" అంది. "ఇన్ని రోజులూ... వెనకాల... నువ్వేనా?"

తలూపాడు. "గత నెల ఒకరోజు లంచ్ బాక్స్ మర్చిపోయావ్. ఆఫీస్‌కి తెచ్చాను. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు."

"అప్పటినుంచీ తెలుసా?"

"నువ్వే చెప్తావని చూశాను. ఇంతలో చీకటి తొందరగా పడటం మొదలైంది. ఈ సందుల్లో ఒక్కదానివే తిరుగుతున్నావ్... పక్కనేమో నది. రోజూ కార్ డ్రైవ్ చేసుకుని వచ్చేవాణ్ణి. నువ్వు స్టేషన్‌లోకి వెళ్ళాక ఇంటికి పోయేవాణ్ణి."

ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అతని కోటు గల్లా పట్టుకుని ఊపేసింది.

"నా ప్రాణాలు పోయాయి తెలుసా! మూడు వారాలు, శ్యామ్! వెనకే ఉన్నావుగా, ఒక్కసారి పిలిస్తే ఏం పోయేది? ఇప్పుడైనా పిలవచ్చుగా, దెయ్యంలా దాటుకుని రావాలా?"

అతను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఉద్యోగం కోసం తిరుగుతున్నావు కదా, నమ్రతా," అన్నాడు. "బయల్దేరిన మనిషిని వెనక నుంచి ఎలా పిలుస్తాను?"