కనుమలో చీలిన గాలి

కొండల మీద గాలి ఎటు తిరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, రోగుల్ని తెచ్చే హెలికాప్టర్‌కి దారి చెప్పడం నా ఉద్యోగం. దాని పైలట్ మా అక్క మొగుడే. "నీవన్నీ గాలిమాటలే మరదలా" అని ఏడిపించేవాడు.

ఆ మధ్యాహ్నం కొండ అవతల ఒకావిడకి పురుడు కష్టమైంది. బావ వెళ్లి ఆవిణ్ణీ నర్సునీ ఎక్కించుకున్నాడు. తిరిగొస్తుండగా మంచు కమ్మేసింది. దగ్గరి దారంటూ మిగిలింది రెండు కొండల నడుమ కనుమ ఒక్కటే.

గదిలో హీటర్ వేడికి కాలిన దుమ్ము వాసన. కనుమలోని గాలిమీటర్లు పంపే కొలతలతో తెరమీద నీలిగీతలు మెల్లగా పారుతున్నాయి. ఉన్నట్టుండి, బండరాయికి అటూ ఇటూ వాగునీళ్లు చీలినట్టు, గీతలు చీలాయి. కానీ అక్కడ రాయి లేదు. ఉత్త ఖాళీ.

లెక్క తప్పిందేమోనని మళ్లీ చేయించాను. ఈసారి చీలిక చోటు మారింది. బావ వస్తున్న వైపుకి.

రేడియో అందుకున్నాను. "బావా, కనుమలోకి రాకు."

"ఏం, గాలి జోరుగా ఉందా?"

"గాలి కాదు... అక్కడేదో నిలబడి ఉంది."

"చుట్టు తిరిగితే ఇంధనం బొటాబొటీ. ఈవిడ చూస్తే ఆగేలా లేదు."

"అక్క మీద ఒట్టు. రాకు బావా."

గరగర... తర్వాత గుసగుసగా అతని గొంతు. "మాట్లాడకు... వింటోంది."

రేడియో ఆగిపోయింది.

తెరమీద హెలికాప్టర్ చుక్క పక్కకి మళ్లింది. చీలిక కూడా మళ్లింది. చుక్క వెనకే... ఇంకా దగ్గరగా... నేను బయటికి పరిగెత్తాను.

హెలికాప్టర్ దిగింది. ఇంజన్ ఆగింది. గర్భిణిని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ప్రాణానికి భయం లేదంది నర్సు.

బావ మాత్రం సీట్లోంచి కదల్లేదు. పక్క అద్దానికి ఆవిరి పట్టింది. లోపల్నుంచి చేత్తో తుడిచాడు. పోలేదు. నేను దగ్గరికెళ్లి బయటినుంచి తుడిచాను. పోయింది.

మళ్లీ పట్టింది.

నా ఊపిరేమోనని బిగబట్టాను.

ఆవిరి మెల్లగా పరుచుకుంది... తగ్గింది... మళ్లీ పరుచుకుంది.