మైక్ ఆన్‌లోనే ఉంది

చెవిలో గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.

అంటే వాడు దగ్గరికొచ్చాడు!

పిచ్చుక అని అందరూ ముద్దుగా పిలిచే ఆ అమ్మాయి పరుగు ఆపి వెనక్కి చూస్తుంది. జలపాతం వెనక కొండలో తొలిచిన సొరంగం. గోడల నిండా చెమ్మ. ట్యూబులైట్ల కింద నేల తడితడిగా మెరుస్తోంది. మనిషి కనబడడు. గొంతు మాత్రం ఉంది… తాపీగా, మర్యాదగా. పొద్దుటి నుంచి "ఎడమ పక్కకి చూడండి, కుడి పక్కకి చూడండి" అని చెప్పిన గొంతే.

"కింద నీళ్ళ వైపు డెక్ గేటు తాళం తీసి ఉంచుతానండీ. లైట్ల షో అవగానే కాసేపు చీకటి చేస్తారు. ఆ కాసేపు చాలు."

ఎటు పోవాలి?

పక్కన ఒక సందు. సందు చివర రెయిన్‌కోట్లు ఆరేసే గది. పసుపు కోట్లు కొక్కేలకి వేలాడుతున్నాయి, తలలు తీసేసిన మనుషుల్లా. పిచ్చుక వాటి మధ్యకి దూరిపోతుంది. ఒంటి మీదున్నదీ పసుపు కోటే. గాలి పీల్చడం ఆపేస్తుంది.

చెవిలో గరగర పూర్తిగా పోయింది.

కోట్ల సందులోంచి గైడ్ కనిపిస్తాడు. చెయ్యి చాస్తే తగిలేంత దూరం. చెవి దగ్గర ఫోను. కాలర్‌కి చిన్న మైక్. మైక్ మీద పచ్చ చుక్క… వెలుగుతూనే ఉంది.

"కాలు జారిందనే అనుకుంటారు. ఇక్కడ అదేం కొత్త కాదు. మీరు మాత్రం బాగా ఏడవాలి."

నవ్వుతాడు. ఆ నవ్వు పిచ్చుక చెవి లోపల మోగుతుంది.

వెళ్ళిపోతాడు.

పొద్దున బస్సెక్కగానే తలా ఒక బుల్లి రిసీవర్ ఇచ్చారు. మెడలో తాడు, చెవిలో బుడిపె. జలపాతం హోరులో గైడ్ అరిచినా ఎవరికి వినబడుతుంది? అందుకని వాడు మైకులో చెప్తాడు, వీళ్ళు చెవిలో వింటారు. పడవ మీద విన్నారు. మైనపు బొమ్మల మ్యూజియంలో విన్నారు. జెయింట్ వీల్ ముందు నిలబెట్టి "ఇది మన ప్యాకేజీలో లేదండీ" అన్నప్పుడూ విన్నారు. సాయంత్రం టూరు అయిపోయింది, లైట్ల షో ఎవరికి వారు చూసుకోండంటూ రిసీవర్లన్నీ డబ్బాలో వేయించుకున్నాడు.

పిచ్చుక వెయ్యలేదు. ఆమె ఉద్యోగం యాప్ టెస్టింగ్. బటన్ ఉన్న వస్తువు చేతికొస్తే దాని ప్రాణం పోయేదాకా నొక్కి చూడందే వదలదు.

గైడేమో మైక్ ఆపలేదు. ఆఫీసు మీటింగుల్లో రోజూ ఎవడో ఒకడు చేసే పనే. మ్యూట్ చేశాననుకుని ఇంట్లోవాళ్ళతో పోట్లాడతాడు.

వీడు హత్య గురించి మాట్లాడుతున్నాడు.

ఫోనులో అవతలి మనిషి మాటలు వినబడవు. వినక్కర్లేదు కూడా. ఇందాకే వాడు అన్నాడు. "మొగుడూ పెళ్ళాం చేతిలో చెయ్యేసుకుని వస్తే ఎవరికి అనుమానం? పైగా మీతో వచ్చిన పిల్ల ఉంది కదా, పిచ్చుకంటారే… సాక్ష్యానికి బాగుంటుంది."

పిచ్చుకతో వచ్చిన మొగుడూ పెళ్ళాం ఇద్దరే. అక్క, బావ.

పోయిన నెలే అక్క ఫోన్ చేసి ఏడ్చింది. "నాకేమైనా అయితే మీ బావనే అడగండే."

బావనా? పళ్ళు పీకేటప్పుడు పేషెంటుకి జోకులు చెప్పే బావనా? పిచ్చుక ఆ రోజు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతోంది.

అక్కకి ఫోన్ కొడుతుంది.

ఎంగేజ్.

మళ్ళీ.

ఎంగేజ్!

సొరంగం బయట గేటు దగ్గర సెక్యూరిటీ అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పిచ్చుక అతని మీద పడిపోయినంత పని చేస్తుంది.

"అన్నా, మా అక్కని చంపేస్తారు. పోలీసుల్ని పిలవండి."

నీళ్ళ హోరు. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటాడు. "అక్క తప్పిపోయిందా?"

"చంపేస్తారు అంటున్నా."

"కంగారు పడకమ్మా. రోజూ పదిమంది తప్పిపోతారు, పదిమందీ దొరుకుతారు. మీ గైడ్‌ని అడుగు. ఇప్పుడే ఇటే వెళ్ళాడు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందుకి పరిగెత్తింది.

టీ మిషన్ దగ్గర… బావ!

చేతిలో పేపరు కప్పు. చెవి దగ్గర ఫోను.

పిచ్చుక ఆగిపోతుంది. ఆమెని చూడగానే అతను ఫోన్ పెట్టేస్తాడు.

"ఏమ్మా పిచ్చుకా, ముద్దయిపోయావు. ఇదిగో టీ. వేడినీళ్ళకి రంగేసినట్టుంది కానీ, నాలుక కాలేలా ఉంది."

"ఫోన్లో ఎవరు బావా?"

"పేషెంటు. జ్ఞానదంతం. ఊరు దాటొచ్చినా నన్ను వదల్లేదు."

అబద్ధం. కప్పు అందుకుంటుంది.

ఆలోచించు. అక్క ఎక్కడుందో ఇతనికి తెలియకూడదు. ఇతన్ని గైడ్ దగ్గరికే పంపేస్తే? ఇద్దరు దొంగలూ కింద. అక్క పైన. పడెయ్యడానికి మనిషే లేకపోతే ఎవర్ని పడేస్తారు?

"బావా, అక్క కింద డెక్ మీదుంది. గేటు దగ్గర. నిన్ను రమ్మంది."

"నన్నా? పొద్దుట్నుంచి ఫొటోకి పక్కన నించోమంటే మొహం అటు తిప్పేసింది."

"ఇప్పుడు దిగుతుందట."

బావ మొహం వెలిగిపోతుంది. ఎంత బాగా నటిస్తున్నాడు!

"నువ్వూ రా. మాకు ఫొటో ఎవరు తీస్తారు?"

"వెనకే వస్తా. నేనొచ్చేదాకా అక్కడే ఉండు. కదలకు."

"నువ్వు చెప్పాక కదులుతానా తల్లీ."

మెట్లు దిగిపోతాడు. పసుపు కోటు తుంపరలో కలిసిపోతుంది.

పిచ్చుక పైకి పరిగెత్తుతుంది. చేతిలో టీ ఉందన్న సంగతి కూడా మర్చిపోయింది. చెవిలో గొంతు పలచబడుతోంది… గరగర… మంచిది. వాడికి దూరమవుతున్నా. ఇంకా పైకి. ఇంకా.

జెయింట్ వీల్ పక్కన పై గ్యాలరీ. జలపాతం మీద లైట్లు రంగులు మారుస్తున్నాయి. నీలం. ఎరుపు. జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. రెయిలింగ్ చివర, అందరికీ ఎడంగా…

అక్క!

ఒంటరిగా. క్షేమంగా. పిచ్చుకకి ఏడుపొచ్చేసింది.

అక్క ఫోన్లో మాట్లాడుతోంది. ఇటు పక్క మొహం కనబడుతోంది. పెదాలు కదిలాయి. ఆగాయి.

చెవిలో గరగర మధ్యలోంచి గైడ్. "ఎవరు పంపారండీ?"

అక్క పెదాలు కదిలాయి. ఆగాయి.

"పిచ్చుకా? ఆయనే మెసేజ్ పెట్టాడా, గేటు దగ్గరున్నానని?"

పెదాలు.

"మంచిదేగా. మనం పిలిచే పని తప్పింది."

పిచ్చుక కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి.

అక్క మాట. వాడి జవాబు. అక్క మాట. వాడి జవాబు. మధ్యలో ఒక్క క్షణం లాగ్ కూడా లేదు.

అక్క ఫోను ఎందుకు ఎంగేజ్ వచ్చిందో ఇప్పుడు తెలిసింది. పోయిన నెల ఏడుపు భయంతో కాదని కూడా.

చంపేది అక్కని కాదు.

అతన్ని ఆ గేటు దగ్గరికి పంపింది… తను!

అక్క ఫోన్ పెట్టేసి ఇటు తిరిగింది. చెల్లెల్ని చూసింది. ఒక్క క్షణం ఏ భావమూ లేదు. తర్వాత నవ్వు.

"ఎక్కడికెళ్ళావే? నీకోసమే చూస్తున్నా."

"ఎవరక్కా ఫోన్లో?"

"ఆఫీసు."

"నేను బావ దగ్గరికెళ్తా."

అక్క చెయ్యి మణికట్టు మీద పడింది. చిన్నప్పుడు రోడ్డు దాటించినప్పటి పట్టు. అదే పట్టు.

"వద్దు. లైట్లు ఆపేస్తారు. నా దగ్గరే ఉండు. నీకేం కాకూడదు పిచ్చుకా."

"మరి బావకి?"

అక్క చెల్లెలి కళ్ళలోకి చూసింది. ఎలా తెలిసిందని అడగలేదు. తెలిసిందని మాత్రం ఆమెకి అర్థమైంది.

"క్లినిక్ అమ్మనంటాడు. విడాకులివ్వనంటాడు. అన్నీ నవ్వుతూనే. నవ్వుతూ వద్దనే మనిషితో పదేళ్ళు కాపురం చేసి చూడు, అప్పుడు మాట్లాడు."

"వదులు అక్కా."

"వదలను."

పిచ్చుక చేతిలో టీ ఉంది.

అక్క చేతి మీద గుమ్మరించేసింది!

అక్క కేక. పట్టు జారింది. పిచ్చుక పరుగు!

మెట్లు. తడి మెట్లు. ఒక్కో అంగలో రెండేసి. జేబులోంచి ఫోన్ తీసి బావకి కొట్టబోయింది. వేళ్ళు తడి. ఫోన్ జారింది. మెట్ల మీద ఒక చప్పుడు, రెండో చప్పుడు… తర్వాత నీళ్ళు.

"బావా!"

ఆ అరుపు తనకే వినబడలేదు.

మెడలో రిసీవర్ ఊగుతోంది. అది వినడానికే. చెప్పడానికి కాదు.

పైన చప్పట్లు. షో అయిపోయింది.

లైట్లు పోయాయి.

చీకటి!

రెయిలింగ్ పట్టుకుని దిగుతోంది. ఏమీ కనబడదు. చెవిలో గరగర మాత్రం తగ్గుతోంది. ఇంతసేపూ ఆ గొంతు నుంచి పారిపోయింది. ఇప్పుడు చీకట్లో దారి చూపేది అదొక్కటే. గొంతు స్పష్టమైతే వాడు అక్కడ. వాడుంటే బావ అక్కడ.

"ఇటు రండి సార్. ఇక్కడ్నుంచి బాగా కనబడుతుంది."

ఇంకా దిగాలి. మొహం మీద నీళ్ళు కొడుతున్నాయి.

"చీకట్లో ఏం కనబడుతుందండీ గైడు గారూ?"

బావ గొంతు! మొదటిసారి… చెవిలో. నవ్వుతూ. బతికే ఉన్నాడు!

"ఇంకో రెండడుగులు సార్."

"వద్దులెండి. మా మరదలు ఇక్కడే ఉండమంది. కదిలితే తిడుతుంది."

పిచ్చుక ఆఖరి మెట్టు దిగింది. కాలి కింద డెక్ చెక్కలు. గరగర లేదు. అసలు లేదు. చేతులు ముందుకి చాచి గాల్లో వెతికింది. ఇనుప కమ్మీ. అది అయిపోయింది. ఖాళీ… గేటు తెరిచి ఉంది! వెనక్కి జరిగింది. మళ్ళీ వెతికింది.

రెయిన్‌కోటు తగిలింది. తడి చెయ్యి.

దొరికాడు!

రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుంది. మెట్ల వైపు లాగింది, ఉన్న బలమంతా పెట్టి. రా బావా. రా. అడగకు, రా.

ఆ చెయ్యి కదల్లేదు.

చెవిలో బావ గొంతు, కాస్త ఎడంగా, ఆదుర్దాగా. "గైడు గారూ, పిచ్చుక ఇంకా రాలేదేంటి? ఈ చీకట్లో పిల్ల ఎక్కడుందో…"

చెవిలోనే, ఊపిరి కూడా వినబడేంత స్పష్టంగా, రెండో గొంతు.

"కంగారు పడకండి సార్. వచ్చేసింది. నా చెయ్యే పట్టుకుని ఉంది."

పిచ్చుక వేళ్ళ చుట్టూ ఆ చెయ్యి మెల్లగా బిగుసుకుంది.