నలుపు తెలుపులో చీనీకాయలు

మొగుణ్ణి పోలీసులు వదిలేస్తున్నారని ఏడ్చే ఆడమనిషిని నూరుల్లా అంతకుముందు చూడలేదు.

ఆమె పేరు యల్లమ్మ. లింగాల పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే కుటుంబం. తెల్లారకముందే బస్సెక్కి, జమ్మలమడుగులో ప్రైవేటు డిటెక్టివ్ దక్షిణామూర్తి ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. అసిస్టెంటు నూరుల్లా ఇచ్చిన టీ ఆమె చేతిలోనే చల్లారిపోయింది.

ఒక బాంబు పేలితే ఆరు ఊళ్ళవాళ్ళు అది మాదంటే మాదని కొట్లాడుకునే రోజులవి. తొమ్మిది రోజుల కిందట వాళ్ళ ఊరి పార్టీ నాయకుడు సంజీవయ్యను ఆయన చీనీ తోటలోనే, బత్తాయి చెట్ల మధ్య, ఎవరో నరికేశారు. పదకొండు గంటలప్పుడు గడ్డి కోసే ఆడవాళ్ళు శవాన్ని చూసేదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి తమ్ముడు చిన్నసుబ్బయ్య ప్రొద్దుటూరు నుంచి వచ్చి, ఎస్సై చేతిలో ఒక ఫోటో పెట్టాడు. అందులో చీనీ చెట్టు కింద సంజీవయ్య, వెనకాల గొడ్డలితో యల్లమ్మ మొగుడు గోవిందు. ఆ పొద్దున ఆరుగంటలకు తానే తీశానన్నాడు. తాను ప్రొద్దుటూరికి బయల్దేరేటప్పుడు అన్న దగ్గర గోవిందు ఒక్కడే ఉన్నాడన్నాడు. గోవిందు అవతలి పార్టీవాడు. ఊరికి అంతకు మించి సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"స్టేషన్లో ఉంటే బతికుంటాడు సామీ," అంది యల్లమ్మ. "ఎల్లుండి సంజీవయ్య దినాలు. ఆ పొద్దే వదిలేయమని చిన్నసుబ్బయ్య పెద్దోళ్ళతో చెప్పిచ్చినాడంట. ఊరి ముందర నలభై మంది కాసుకోనుంటారు."

గొడ్డలి ఎందుకు పట్టుకున్నాడని దక్షిణామూర్తి అడిగాడు.

"ఆ తోట గట్టునే మేపుతాడు, గొర్రెలకు కొమ్మలు కొట్టద్దా? పండుకున్నా పక్కనే పెట్టుకుంటాడు. మంచంలో నాకన్నా దానికే చోటెక్కువ."

ఆమె తెచ్చిన, చిన్నసుబ్బయ్య ఊరంతా పంచిన కరపత్రంలో ఆ ఫోటోనే అచ్చేశారు. నలుపు తెలుపు. దక్షిణామూర్తి దాన్ని చూస్తుంటే నూరుల్లాకు గడ్డం మొలిచేంత సేపయింది.

"కెమెరా కొత్త డిజిటల్‌ది. రంగెందుకు తీసేసినారు నూరుల్లా?"

"పోయినోళ్ళ ఫోటో గద సార్. మన పక్క అంతే. బతికుండేటోళ్ళకు చేస్తే కీడు."

దక్షిణామూర్తి కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లింగాల పోదాం, కెమెరా తీసుకో అన్నాడు.

నూరుల్లా స్కూటరు నడిచినంత దూరం నడిచింది, మిగతా దూరం వాళ్ళు దాన్ని నడిపించారు. తోటలో మనిషి లేడు. గొడవలకు భయపడి నెలరోజులుగా వ్యాపారులు రాలేదు. కోసేవాళ్ళు లేక కాయలన్నీ పసుపుపచ్చగా పండిపోయి, కొన్ని రాలి కుళ్ళుతున్నాయి. నెత్తురు పడిన చోట ఎవరో మన్ను పోశారు. దక్షిణామూర్తి చెప్పిన చెట్టుకు నూరుల్లా ఒక ఫోటో తీశాడు. చెట్టు ఫోటోతో హంతకుణ్ణి పట్టేవాడు ఈ భూమ్మీద తన సారొక్కడేనని అతని నమ్మకం. ఎట్లా పడతాడో మాత్రం తెలియలేదు.

మరునాడు ప్రొద్దుటూరులో ఇద్దరూ నాలుగు స్టూడియోలు తిరిగారు. ఐదోది ఖమర్‌బీది. కరపత్రం చూడగానే ఆమె లేచి షట్టరు సగం దించింది. తనను ఇందులోకి లాగొద్దంది. ఒక మనిషి ప్రాణం రేపటితో పోతుందని నూరుల్లా చెప్పాక, చాలాసేపటికి కంప్యూటరు ముందు కూర్చుంది. ముందు దక్షిణామూర్తి అడిగినట్టు నూరుల్లా తీసిన చెట్టు ఫోటోలో రంగు తీసేసింది. తర్వాత చిన్నసుబ్బయ్య ఫోటో అసలుది తెరిచింది. అప్పుడు ఒక మాట చెప్పింది. నూరుల్లా వెళ్ళి మిగతా షట్టరు కూడా దించేశాడు.

దినాల రోజు షామియానా కింద ఊరంతా కూర్చుంది. గొడ్డళ్ళు ఒక మూల గోడకు ఆనించి ఉన్నాయి, వర్షానికి గొడుగులు పెట్టినంత మామూలుగా. సంజీవయ్య భార్య రామసుబ్బమ్మ పటం పక్కన కూర్చుంది. ఎస్సై జీపు రాగానే నలభై మంది లేచారు. గోవిందు జీపులోనే ఉన్నాడు. దిగిందేమో దక్షిణామూర్తి.

ఆయన రెండు ఫోటోలు రామసుబ్బమ్మ చేతికిచ్చాడు.

"ఇది మొన్న మేము తీసిన చెట్టు తల్లీ. పండిన కాయలు. రంగు తీసేస్తే తెల్లగా, బల్బుల మాదిరి కనపడుతున్నాయి. ఇది మీ మరిది చూపించిన ఫోటో. అదే చెట్టు. కాయలు ఆకుల్లో కలిసిపోయి నల్లగా ఉన్నాయి. ఎందుకంటే అప్పుడవి పచ్చికాయలు. పదిరోజుల్లో ఇట్లా పండవు, ఇది రెండునెలల కిందటి ఫోటో. రంగులో చూపిస్తే మీ ఊళ్ళో పసిపిల్లోడు గూడా పట్టేస్తాడు. అందుకే రంగు తీయించినాడు."

చిన్నసుబ్బయ్య నవ్వాడు. "కాయల్ని చూసి మనిషిని పట్టేస్తావా సామీ? ఫోటో మారిపోయింటాది. అన్న పోయిన దుఃఖంలో ఏది ఇచ్చినానో ఏమో."

"సరే. స్టూడియోలో ఎప్పుడిచ్చినావప్పా?"

దక్షిణామూర్తి సైగ చేస్తే ఖమర్‌బీ జీపు దిగి ముందుకొచ్చింది. నేలచూపులు చూస్తూనే చెప్పింది.

"ఆ పొద్దు షాపు తీస్తానే వచ్చినాడు. ఫైలు మీద టైముంది, ఎనిమిదీ యాభై. నలుపు తెలుపు చేయమన్న్యాడు. బతికుండే మనిషికి నేను చేయనన్నా, కీడు తగులుతాదని. ఒగటికి రెండుసార్లు బతిమాలినాడు. నేను ఒప్పుకోలే. అప్పుడు, ఈయన మాయన్నే, పోయినాడు, చెయ్ అన్న్యాడు."

శవం కనపడింది పదకొండుకు. ఎవరూ గట్టిగా లెక్క చెప్పక్కర్లేదు. షామియానా కింద అందరూ లోపల్లోపల ఆ రెండుగంటలూ లెక్కపెట్టుకున్నారు.

"ఈసారి ఎలక్షన్లో పార్టీ టికెట్టు అన్నకే ఖాయమైంది," అన్నాడు దక్షిణామూర్తి. "అన్న పోతే నీకు. తెల్లారుజామున నరికి, కారులో ప్రొద్దుటూరు పోయినావు. నేరం గోవిందు మీద వేసి, గోవిందును ఈ పొద్దు వీళ్ళ చేత చంపించేస్తే కేసూ ఉండదు, అడిగేవాడూ ఉండడు."

చిన్నసుబ్బయ్య వదిన వైపు చూశాడు. రామసుబ్బమ్మ చూపు తిప్పుకోలేదు. ముందుగా చూపు దించింది అతనే. ఎస్సై వచ్చి చెయ్యి పట్టుకుంటే పెనుగులాడలేదు.

నలభై మంది ఇంకా నిలబడే ఉన్నారు. ఒక ముసలాయన గొంతు సవరించుకుని, "అయితే ఇప్పుడు ఎవర్ని నరకాల?" అని అడిగాడు. ఎగతాళికి కాదు. పొద్దున్నుంచీ కాసుకుని ఉన్నాడు పాపం.

"ఎవర్నీ లేదు మామా," అంది రామసుబ్బమ్మ. "అన్నం తిని పోండి."

విస్తర్లు వేశారు. యల్లమ్మ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని జీపులోంచి దింపింది. గోవిందు షామియానా అంచున ఆగిపోయాడు. తప్పయిందని ఒక్కడూ అనలేదు. వరసలో కూర్చున్న ఒకడు, తలెత్తకుండానే, కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.

గోవిందు కూర్చున్నాడు. అన్నం కలిపాడు. ముద్ద మాత్రం చాలాసేపు చేతిలోనే ఉండిపోయింది.