తొంభై మూడు మిల్లీసెకన్లు

ఉదయం పదకొండింటికి మేనేజరుగారు హాలు తలుపు తెరిచారు. బయట కళ్ళు చెదిరే ఎండ. లోపల రాత్రే. ఆ హాలుకి కిటికీలు లేవు. నాలుగు గోడలకీ నల్ల గుడ్డ, వరసగా మడత కుర్చీలు, ఆరు నెలలుగా కదలని గాలి. తడిసిన గోనెసంచి వాసన. దాని వెనకాల ఇంకోటి... కాలిన రబ్బరు వాసన. అది నా ముక్కులోనే ఉండిపోయిందనుకున్నాను.

"త్వరగా కానివ్వమ్మా. నాకు వేరే పనుంది," అన్నారాయన.

ఆయనకి పనుంటుంది. మా అన్నకి మాత్రం ఇంక ఏ పనీ లేదు. ఆరు నెలల క్రితం ఇదే హాల్లో వెనక స్పీకర్లకి వైరు కలుపుతుంటే కరెంటు కొట్టి, నిచ్చెన మీంచి పడి చనిపోయాడు.

మాదొక సౌండ్ కంపెనీ. కంపెనీ అంటే వాడూ నేనూ అంతే. వాడు ఎక్కేవాడు, నేను లెక్కలు కట్టేదాన్ని. "ఏమే లెక్కలపిల్లా, ఎంత?" అని పైనుంచి అరిచేవాడు. వాడి అరుపు ఆగేలోపు జవాబు చెప్పకపోతే నాకు నామోషీ.

మా ఇద్దరికీ ఒకటే నియమం. ఒకరు పైకెక్కితే, ఎవరూ కరెంటు వెయ్యకుండా రెండోవాళ్ళు మెయిన్ బోర్డు దగ్గర నిలబడాలి. ఎక్కినవాళ్ళు కిందికి దిగి, వచ్చి భుజం తట్టేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు.

వాడు పోయిన రోజు నుంచీ మా సామాను ఆ హాలు స్టోరులోనే ఉంది. ఆ ఉదయం ఇస్తానన్నారు. ఊరికే కాదు. ఒక కాగితం మీద నేను సంతకం పెట్టాలి. 'మా అన్నయ్య ఎవరికీ చెప్పకుండా, కరెంటు తీయమని అడగకుండా, తన ఇష్టప్రకారం పైకి ఎక్కాడు' అని.

"పోయినవాడు ఎలాగూ రాడు. నీ భవిష్యత్తు చూసుకో. ఈ హాలు ప్రోగ్రాములన్నీ ఇకమీదట నీకే," అన్నారు జాలిగా.

ఆ జాలికి నా ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం అమ్మ చూస్తే ఏమవుతుంది? పోయినవాడికి మిగిలింది పేరొక్కటే. అదీ ఈయనకి కావాలి.

"ముందు సామాను పనిచేస్తోందో లేదో చూసుకోవాలి," అన్నాను పళ్ళు బిగించి.

మా సామానంతటిలో అన్నకి ప్రాణం ఒక డిలే పెట్టె. పెద్ద హాల్లో స్టేజీ మీది మాట వెనక వరసలకి చేరేలోపే వెనక స్పీకర్లు దాన్ని వినిపించేస్తాయి. అక్కడివాళ్ళకి ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. అందుకని వెనక స్పీకర్లకి పోయే మాటని ఈ పెట్టె కాసేపు పట్టుకుని వదులుతుంది. మీటరు దూరానికి రెండు పాయింట్ తొమ్మిది మిల్లీసెకన్లు. ఈ హాలు ముప్ఫై రెండు మీటర్లు. అంటే తొంభై మూడు.

వెనకవైపు ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్. మిక్సర్ నుంచి వచ్చే వైరు ఇన్‌పుట్‌కి పెట్టాను, స్పీకర్లకి వెళ్ళేది అవుట్‌పుట్‌కి. ముందువైపు టైము తిప్పే గుండ్రటి నాబ్, ఎవరూ దాన్ని కదపకుండా ఒక లాక్ బటన్, మాటని పట్టుకోకుండా నేరుగా పంపించే బైపాస్ బటన్. స్విచ్ వేసి, నాబ్ తిప్పి, లాక్ నొక్కాను. ఎర్ర అంకెలు వెలిగాయి. 93. లాక్ దీపం కూడా వెలిగింది.

మైకులో "ఒకటి... రెండు..." అన్నాను. వెనక స్పీకర్లు సరిగ్గా పలికాయి.

"పనిచేస్తోందిగా? పెట్టు మరి," కాగితం చాచారాయన.

"పెడతాను. ముందు మీరు చదవండి, మైకులో. మా అన్న పడిన చోటుకి వినబడేలా చదవండి."

"నీకేమన్నా పిచ్చా?"

"అందులో ఉన్నది నిజమే అయితే చదవడానికి భయమెందుకండీ?"

ఆయన విసురుగా మైకు లాక్కున్నారు. "మా అన్నయ్య ఎవరికీ చెప్పకుండా..."

వెనక నుంచి మాట తిరిగొచ్చింది. చివర మాత్రం సన్నగా ఇంకేదో.

"...చెప్పాను."

ఆయన ఆగిపోయారు. నేను పెట్టెకేసి చూశాను. 78.

లాక్ వెలుగుతూనే ఉంది. నాబ్ మీద ఎవరి చెయ్యీ లేదు. "ఒకటి, రెండు," అన్నాను గట్టిగా. 93. నా గొంతుకి అంకె సరిగ్గానే ఉంది.

"ఏం వేషాలివి?" ఆయన మైకులోనే అరిచారు.

61.

ఇలాంటప్పుడు కూడా నా బుర్ర ఊరుకోదు. డెబ్భై ఎనిమిదంటే ఇరవై ఏడు మీటర్లు. అరవై ఒకటంటే ఇరవై ఒకటి. వెనక గోడ దగ్గర ఉన్నదేదో... కుర్చీల మధ్యలోంచి వస్తోంది. ఆయన వైపుకి.

బైపాస్ నొక్కాను. అంకె ఆగలేదు. 44. అవుట్‌పుట్ వైరు పీకేశాను. వెనక స్పీకర్లు చచ్చిపోయాయి. అయినా మాట వస్తోంది... ఎనిమిదో వరసలోంచి.

"చెప్పాను... తీయమన్నాను..."

మడత కుర్చీ ఒకటి కిర్రుమంది. తరవాత దాని ముందుది. కాలిన రబ్బరు వాసన గుప్పుమంది.

"ఆపవమ్మా! ఆపు దాన్ని!"

29. పది మీటర్లు.

పెట్టె పవర్ వైరు నా చేతిలోనే ఉంది. లాగెయ్యచ్చు. లాగలేదు. ఆరు నెలలు నా కడుపులో మండింది నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"నిజం చెప్పండి," అన్నాను.

"నాకేం తెలీ..."

12.

ఇరవై కిందకి దిగితే ప్రతిధ్వని విడిగా వినబడదు. గొంతుకి అంటుకుపోతుంది. ఆయన నోట్లోంచి రెండు గొంతులు కలిసి వచ్చాయి. ఒకటి ఏడుస్తోంది. ఇంకోటి... కోపంగా ఉంది.

"నేనే వేశాను! స్విచ్ నేనే వేశాను! లైట్లు కావాల్సొచ్చి వేశాను. పైన మనిషి ఉంటే బోర్డు దగ్గర ఒకరు నిలబడతారు కదా... అక్కడ ఎవరూ లేరు. ఎవరూ లేరు కాబట్టే వేశాను!"

మైకు కింద పడింది. ఆయన స్టేజీ దిగి, కుర్చీలు తన్నుకుంటూ ఎండలోకి పరుగెత్తారు. ఆ రోజు నుంచీ ఆయన నోట మాట రావడం లేదని తరవాత విన్నాను.

నేను గెలిచాను. గెలిచినట్టే అనుకున్నాను.

ఎవరూ లేరు కాబట్టే.

బోర్డు దగ్గర నిలబడాల్సింది నేను. కొలత టేపు దొరక్క, అడుగులు లెక్కపెట్టి హాలు పొడవు కొలుద్దామని వెళ్ళాను. అన్న అరవకముందే జవాబు సిద్ధంగా పెట్టుకోవాలని. నాలుగు నిమిషాలు. ముప్ఫై రెండు మీటర్లు. తొంభై మూడు. ఆ అంకె కోసమే వెళ్ళాను. ఈ ఆరు నెలలూ నా కోపమంతా ఆయన మీదికి తోసేశాను, నా వైపు తిరగకుండా.

ఎర్ర అంకెలు మళ్ళీ 93 చూపిస్తున్నాయి.

"అన్నా," అన్నాను. మైకు నా చేతిలో లేదు.

78.

పవర్ వైరు పీకేశాను. పెట్టెని ఇంటికి తెచ్చి అలమరలో పెట్టాను. దానికి ఇప్పుడు ఏ వైరూ లేదు. అయినా ఇంట్లో ఎక్కడ నోరు తెరిచినా, అలమర సందులోంచి ఎర్ర అంకె కనిపిస్తుంది, ప్రతిసారీ కాస్త తగ్గి. అందుకే మాట్లాడ్డం తగ్గించాను. అంకెని దాచుకుంటూ దాచుకుంటూ వచ్చాను.

ఇవాళ పొద్దున అమ్మ పిలిస్తే మరిచిపోయి "ఆఁ" అన్నాను.

3. మూడంటే ఒక మీటరు. చెయ్యి చాపితే భుజం అందుతుంది.

కదలకుండా నిలబడ్డాను, ఈసారైనా.

అమ్మ కాఫీ పట్టుకొచ్చింది. ఇచ్చి వెళ్ళబోతూ నా వెనక ఆగింది.

"భుజం మీద ఈ మసేమిటే? ఉతికిన చొక్కాయేగా," అంది. వేలితో తుడిచి వాసన చూసి, మొహం చిట్లించింది. "కాలిన రబ్బరులా ఉంది..."