గొట్టంలోంచి పోయిన ఇల్లు

శ్యాంసుందర్ చేతిలో పడ్డ కేసు ఏదీ తేలకుండా పోలేదు. సూరత్‌లో అతను పట్టలేని దొంగ ఇంకా పుట్టలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి ముక్కు ఎగబీలిస్తే చాలు. దొంగ పేరు, తండ్రి పేరు, నిన్న ఏ కూర తిన్నాడో కూడా చెప్పేస్తాడు. నమ్మనివాళ్ళు నమ్మకండి. కథ మాత్రం వినండి.

1996 ఏప్రిల్. ఆదివారం ఉదయం తొమ్మిది గంటలు.

రింగ్ రోడ్‌లో ఒక టెక్స్‌టైల్ మార్కెట్. సెలవు కాబట్టి షట్టర్లన్నీ దించి ఉన్నాయి. మెట్ల కింద ఒక టేబుల్, రెండు కుర్చీలు. దాన్నే శ్యాంసుందర్ డిటెక్టివ్ ఏజెన్సీ అంటాడు. పుట్టింది సిరిసిల్ల పక్కన. హజీరాలో ఒక కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేసి మానేశాడు.

ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. చూపుడువేలికి నల్ల ఇంకు.

“నా ఇల్లు పోయింది కాకా,” అంది.

“ఇల్లు పోతదా బిడ్డా? ఇంట్ల సామాను పోతది గని.”

“గీసిన ఇల్లు.”

పేరు సంధ్యారాణి. బమ్రోలిలో పవర్‌లూమ్ నడిపే రాజమల్లు చిన్న కూతురు. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం. మగ్గాలు నడిపేవాళ్ళకి ఇళ్ళు డిజైన్ చేయడం ఆమె థీసిస్. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పట్టపగలు నిద్రపోవడానికి అందులో ఒక గది ఉంది. చుట్టూ రెండు వరుసల గోడ. మగ్గం చప్పుడు ఆ గదిలోకి రాదు. ఏడాదిపాటు కూర్చుని గీసింది. ఆరు షీట్లు. జ్యూరీ, అంటే పరీక్ష చేసేవాళ్ళు, కూర్చున్నప్పుడు గోడకి తగిలించి చూపించాలి. ప్లాస్టిక్ గొట్టంలో చుట్టి బీరువా మీద పెట్టింది.

నిన్న సాయంత్రం చూస్తే గొట్టం ఉంది. షీట్లు లేవు.

“జ్యూరీ ఎప్పుడు?”

“రేపు పదింటికి.”

“ప్రింట్లు తీయించినవా?”

“నిన్న తీయిద్దామనుకున్న. గింతల...” ఆగింది. “నిన్న తెల్లారంగ మా అక్క భాగ్యకు ఆడబిడ్డ పుట్టింది. పుట్టుడే సప్పుడు లేకుండ పుట్టింది.”

శ్యాంసుందర్ పెన్ను కింద పెట్టాడు.

“ఇంట్ల అందరు బిడ్డ కోసం ఏడుస్తున్నరు. నేనేమో కాగితాలు దేవులాడుతున్న. అడిగెటందుకు నాకు నోరు వస్తలేదు కాకా. మీరు అడగండ్రి.”

“దొరకకపోతె?”

“ఏడాది పోతది. బాపుకు దమ్ము పట్టింది, ఊపిరాడ్తలేదు. నా పరీక్ష అయినంక మగ్గం బంద్ చేస్త అన్నడు. ఇంకొక్క ఏడు ఆ దుమ్ముల నిలవడితె...”

శ్యాంసుందర్ పెన్ను మళ్ళీ తీసుకున్నాడు.

“ఎవరి మీదనన్న అనుమానమున్నదా?”

ఉంది. పేరు వంశీధర్. క్లాస్‌మేట్. తండ్రి రామారావు హజీరాలో ఇంజినీరు. షీట్లకి కావలసిన పాత రోల్ ఆయన ఆఫీసులో పడి ఉంటే వంశీధరే తెచ్చి ఇచ్చాడు. మొన్న ఆమె గీసిన సెక్షన్, అంటే ఇంటి నిలువుకోత బొమ్మ, చూసి గీసుకుంటానన్నాడు. ఆమె ఇవ్వలేదు. అయితే నా రోల్ నేను వెనక్కి తీసుకుంటా అన్నాడు.

“కోపంగ అన్నడా?”

“నవ్వుకుంటనే అన్నడు.”

“నవ్వేటోడే డేంజర్,” అన్నాడు శ్యాంసుందర్.

పదిన్నర. బమ్రోలి.

సందులో ఇటూ అటూ మగ్గాలు. ఆదివారమైనా ఆగలేదు. పక్కమనిషి మాట వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. మేడ మీద ఒక గది, వంటకి ఒక మూల, దాని పక్కన గిన్నెలు కడిగే మోరి. పొయ్యి చల్లగా ఉంది. చావు ఇల్లు కాబట్టి పక్కింటివాళ్ళు తెచ్చిన అన్నం గిన్నె మూతతో అలాగే ఉంది.

శ్యాంసుందర్ గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చాడు.

ఏమీ తెలియలేదు. జలుబు చేసింది. నిజం చెప్పాలంటే జలుబు లేనప్పుడూ తెలిసేది కాదు. అప్పటిదాకా అతను పట్టిన దొంగలు ముగ్గురు. ఒకడు తనే వచ్చి ఒప్పుకున్నాడు. ఇంకొకడిని కుక్క పట్టింది. మూడోవాడు దొంగ కాదని తర్వాత తేలింది. కాబట్టి మొదట్లో నేను చెప్పింది మర్చిపోండి.

గొట్టం చూశాడు. ఖాళీ. మూత మాత్రం బిగించి ఉంది. తలుపు తాళం మీద గీరిన గుర్తులు లేవు.

“దొంగ గొట్టంతో సహా ఎత్తుకపోవాలె. లోపలియి తీసి, మల్ల మూత పెట్టి పోయిండంటే పద్ధతిగల దొంగ.”

రాజమల్లు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

“నిన్న ఎవరెవరు ఉన్నరు రాజమల్లన్నా ఇంట్ల?”

“మా అవ్వ ఒక్కతే. నా ఇంటిది, సంధ్య దవాఖానల ఉన్నరు. పొద్దుగాల ఏడింటికి నేను బిడ్డను తెచ్చిన. అవ్వ తానం పోసింది. సుట్టి ఇచ్చింది. తీసుకపోయి మన్నుల పెట్టిన.”

“అటెన్క?”

“మల్ల ఇంటికచ్చిన. బాలింతకని అవ్వ మూటగట్టి ఇచ్చింది. దవాఖానకు వోయి సంధ్య చేతికిచ్చిన. గంతే.”

“వంశీధరనే పిలగాడు అచ్చిండా?”

“అచ్చిండట. అవ్వను అడుగు.”

రాజమల్లు తల్లి నర్సవ్వ మంచం మీద ఉంది. రెండు కళ్ళకీ పొరలు. మాట వచ్చిన వైపు మొహం తిప్పింది.

“అవ్వా, సంధ్య కాగితాలు ఎవరన్న తీసిన్రా?”

“ఎవలు తీస్తరు బిడ్డా? కాగితమంటే సరస్వతి. కాలు తగిల్తెనే మొక్కుకుంట. పిల్ల కాగితం ఒక్కటి ముట్టలే. మార్కండేయుని మీద ఒట్టు.”

“వంశీధర్?”

“గా ఆంధ్ర పోరడా? గడప అవుతలనే నిలవడ్డడు. బిడ్డ పోయిందని చెప్పిన. ఏడ్సుకుంట పోయిండు. మంచోడు. లోపటికి రమ్మంటె రాలే.”

శ్యాంసుందర్ చేతులు కడుక్కోవడానికి మోరి దగ్గరికి వెళ్ళాడు. పెద్ద అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంది. కాలికి తగిలి వెల్లకిలా పడింది. లోపలి అంచుకి ఎండిన గంజి పొర. అందులో నల్లటి నలుసులు.

చూశాడు. కడగని గిన్నె అనుకున్నాడు. వచ్చేశాడు.

ఒంటిగంట. హజీరా. రామారావు క్వార్టర్స్.

వంశీధర్ ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. జ్యూరీ ముందురోజు కూడా బోర్డు దగ్గర లేడు.

“నిన్న బమ్రోలి ఎందుకు వోయినవ్?”

“ప్రింట్లకి కలిసి వెళ్దామనుకున్నామండీ. వెళ్ళేసరికి... ఆవిడ చెప్పారు.”

“రోల్ వాపస్ తీసుకుంట అన్నవట.”

“సరదాకి అన్నానండీ. ఆ రోల్ నాకెందుకు? ఇప్పుడు ట్రేసింగ్ క్లాత్ ఎవరూ వాడరు.”

“క్లాత్?”

“అవునండీ. ట్రేసింగ్ పేపర్ రాకముందు దాని మీదే గీసేవారు. మా నాన్నగారి ఆఫీసులో ఎప్పటిదో మిగిలిపోయింది.”

“క్లాత్ అంటె బట్టేనా?”

“బట్టేనండీ. సన్నటి నూలు బట్టకి గంజి దట్టించి నునుపు చేస్తారు. చూడటానికి అచ్చం కాగితమే. సంధ్య కూడా కాగితాలనే అంటుంది.”

“తడిస్తె ఏమైతది?”

“నీళ్ళు తగలకూడదండీ. ఇంకు ఉండేది గంజి మీదే. గంజి కరిగితే గీత కూడా...”

శ్యాంసుందర్ లేచి నిలబడ్డాడు. ఇచ్చిన టీ తాగలేదు.

“చెప్పులేసుకో. నువ్వు సుత రా.”

నాలుగు గంటలు. బమ్రోలి.

గదిలో అందరూ ఉన్నారు, దవాఖానలో ఉన్నవాళ్ళు తప్ప. రాజమల్లు గోడ దగ్గర. నర్సవ్వ మంచం మీద. సంధ్యారాణి ఆమె కాళ్ళ దగ్గర కింద. వంశీధర్ తలుపు దగ్గర, నిన్నటిలాగే గడప అవతల.

ఇలాంటి చోట డిటెక్టివ్ గొంతు సవరించుకోవాలి. సస్పెక్టుల చుట్టూ తిరగాలి. శ్యాంసుందర్ చాప మీద చతికిలబడ్డాడు.

“అవ్వా. నిన్న పొయ్యి ఎందుకు రాజేసినవ్?”

“బిడ్డకు నీళ్ళు కాగవెట్టద్దా?”

“నీళ్ళు కాగవెట్టిన గిన్నెకు గంజి ఎట్ల అంటింది? ఇంట్ల అన్నమే వండలేదు గదా.”

రాజమల్లు తల ఎత్తాడు.

నర్సవ్వ మొహం విప్పారింది. నిన్న తను చేసిన పని గురించి ఎవరూ ఆమెని అడగలేదు.

“గదా. బట్ట ఉడికిచ్చిన.”

“ఏం బట్ట?”

“ఇంట్ల నూలుబట్ట జానెడు లేదు బిడ్డా. చీరె పాలిస్టరే, దుప్పటి పాలిస్టరే. నా కొడుకు ఇరువయ్యేండ్లసంది కోసులకు కోసులు నేస్తుండు, అంత గదే. అది సుట్టి పంపుతె మన్ను తింటదా? పసిగుడ్డు మన్నుల కలువద్దా? పొద్దుగాల దుకాండ్లు సుత తెరువలే. వీడు బిడ్డను ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు. నేను ఇల్లంత తడిమిన. గొట్టం దొరికింది. లోపట ఏలు పెట్టంగనే తెలిసింది.”

“ఏం తెలిసింది?”

“నూలు. మస్తు సన్నది. ఎవలో గంజి జబర్దస్తుగ పెట్టిన్రు. పిల్ల జాకీటుకో దేనికో దాసుకున్నదనుకున్న. సోడ ఏసి ఉడికిచ్చి జాడిచ్చిన. ఎన్నపూస లెక్క మెత్తగయ్యింది. మూత మల్ల పెట్టే ఉంచిన, పురుగు పడకుండ.”

శ్యాంసుందర్ చాప మీద ముందుకి జరిగాడు.

“అన్నీ బిడ్డకే సుట్టినవా అవ్వా?”

“గింతంత బిడ్డకు రెండు సాలవా? తక్కినయి భాగ్యకు పంపిన. బిడ్డ లేదని పాలకు తెలుస్తదా? సేపుకొస్తయి. రొమ్ములు బిగ్గ కట్టాలె. నూలైతెనే సల్లగుంటది.”

సంధ్యారాణి తన చేతులు చూసుకుంది.

నిన్న మధ్యాహ్నం దవాఖానలో ఆ మూట విప్పింది తనే. అక్కని కూర్చోబెట్టి, మడత మీద మడత వేసి, బిగించి కట్టింది తనే. కడుతుంటేనే తడిసిపోయింది. ఇంకొకటి కట్టింది. భాగ్యలక్ష్మి రెండు రోజుల్లో మాట్లాడిన మాట అదొక్కటే. ఇంత మెత్తటి బట్ట ఎక్కడిదే, అని.

శ్యాంసుందర్ నోరు తెరిచాడు. కేసు తేల్చిన మాట పైకి చెప్పాలి. అది అతని వృత్తి.

“అంటె అవ్వా, ఆ గొట్టంల ఉన్నయి...”

“కాకా,” అంది సంధ్యారాణి.

మెల్లగానే అంది. అతను ఆగిపోయాడు.

“ఏమైంది బిడ్డా?” నర్సవ్వ చెయ్యి చాపి మనవరాలి తల వెతుక్కుంది. “నీ కాగితాలు దొరికినయా?”

“దొరికినయి నాయినమ్మ. కాలేజీలనే మర్శిపోయిన.”

“సూసినవా. అనవసరంగ గా పోరన్ని దొంగను చేస్తిరి.” చెయ్యి తల మీదే ఉంచింది. “ఆ బట్ట నీదేనాయె? అడుగకుంట తీసిన. కోపానికి రాకు.”

“నాదే. బిడ్డకే గద ఇచ్చినవ్.”

వంశీధర్ ఏదో అనబోయాడు. శ్యాంసుందర్ లేచి వెళ్ళి అతని భుజం పట్టుకుని మెట్ల వైపు తిప్పాడు.

రాజమల్లు కూతుర్నే చూస్తున్నాడు. అతనికి అర్థమైంది.

“నా చేతికి తగిలింది బిడ్డా నిన్న,” అన్నాడు. “మోసుకపోతున్నప్పుడు. గిది నూలే గదా, ఎక్కడిదని అనుకున్న. అడుగబుద్ధి కాలే.”

దగ్గు వచ్చింది. దగ్గుతూనే మోరి దగ్గరికి వెళ్ళి, ఆ గిన్నెని చాలాసేపు కడిగాడు.

మెట్లు దిగాక శ్యాంసుందర్ వంశీధర్‌కి విప్పి చెప్పాడు.

“ఇంట్ల అందరు కాగితాలన్నరు. నేను సుత కాగితాలే అడిగిన. ఆమె ముట్టలేదన్నది. ఒట్టు తప్పలేదు, అబద్ధమాడలేదు. ఆమె ముట్టింది బట్టనే. గిన్నె నా కాలికి తగిలింది. చావు ఇంట్ల గంజి ఎక్కడిదని నేను అప్పుడే అడిగితె అయిపోతుండె.”

“అడిగితే మాత్రం ఏం వచ్చేదండీ?”

“ఏం రాదు,” అన్నాడు శ్యాంసుందర్. “నువ్వు హజీరా నుంచి ఇంత దూరం అచ్చెటోనివి కాదు.”

సోమవారం పదింటికి జ్యూరీ. సంధ్యారాణి ఖాళీ గోడ ముందు నిలబడింది. వాళ్ళకి ఇల్లంతా మాటలతోనే చూపించింది. ఇది గడప, ఇవి మెట్లు, ఇది మా బాపు పగలు పడుకునే గది, మాట్లాడకుండా రండి, అంది. జ్యూరీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాస్ అన్నాడు.

ఈ కథలో నేను కల్పించింది ఇదొక్కటే. ఆ మాటలు చెప్పించిందీ, ఆ పాస్ వేసిందీ నేను. ఇంత విన్నాక ఆ పిల్లకి అదైనా ఇవ్వకపోతే బాగుండదని వేశాను.

ఖాళీ గోడ మాత్రం నిజం. షీట్లు ఏవి అని వాళ్ళు అడిగారు. ఇంట్లో అవసరం పడ్డాయి సర్, అంది. ఇంకేమైనా చెప్తావా అన్నారు. తల ఊపింది, లేదని. తర్వాతి స్టూడెంట్‌ని పిలిచారు.

మంగళవారం రాజమల్లు షిఫ్ట్‌కి వెళ్ళాడు.